రెండు యాంప్లిఫయర్లు పెట్టినా తేడా లేదు: యాక్టివ్ క్రాసోవర్‌తో బై-యాంపింగ్ గురించి సలహా కావాలి

హంద్రీఒడ్డు, కర్నూలు | ఆదివారం, రాత్రి 9.20

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ఎనిమిదేళ్లుగా ఒక జత టూ-వే స్పీకర్లు ఉన్నాయి. బాస్ పలికించే ఆరున్నర అంగుళాల వూఫర్, పై స్వరాలు పలికించే ఒక అంగుళం సిల్క్ డోమ్ ట్వీటర్, 8 ఓమ్‌లు. వెనుక రెండు జతల టెర్మినళ్లు, వాటిని కలుపుతూ ఇత్తడి పట్టీలు ఉన్నాయి. ఈ మధ్య మా బావగారు ఊరు మారుతూ తన స్టీరియో యాంప్లిఫయర్‌ను నాకిచ్చి వెళ్లారు. రెండున్నాయి కదా అని పట్టీలు తీసేసి, ఒకదాన్ని వూఫర్లకూ రెండోదాన్ని ట్వీటర్లకూ కలిపాను. అలా చేస్తే పాట ముందున్న తెర తీసినట్టు ఉంటుందని నేను స్పీకర్ వైరు కొన్న దుకాణంలో చెప్పారు. పదిహేను రోజులు విన్నాను. ట్వీటర్ కాస్త గట్టిగా మోగుతోంది తప్ప, తెర ఉన్నచోటే ఉంది.

యాంప్లిఫయర్లకు ముందు, కింది స్వరాలనూ పై స్వరాలనూ విడదీసే ఎలక్ట్రానిక్ క్రాసోవర్ పెడితేనే అసలైన బై-యాంపింగ్ (వూఫర్‌కూ ట్వీటర్‌కూ వేర్వేరు యాంప్లిఫయర్లు) అవుతుందని ఈ వేదికలో పాత చర్చల్లో చదివాను. దాని కోసం పాతిక వేల రూపాయల దాకా ఖర్చు పెట్టగలను. అయితే ముందు ఒక సంగతి తెలుసుకోవాలనుకుంటున్నాను. నేను చేసినదానికీ మీరంటున్నదానికీ తేడా ఎక్కడుంది? స్పీకర్ లోపలి క్రాసోవర్‌ను తీసేయక తప్పదా?

పెన్నేటిగాలి, అనంతపురం | ఆదివారం, రాత్రి 10.45

హంద్రీఒడ్డు గారూ, మీరు చేసినదాన్ని పాసివ్ బై-యాంపింగ్ అంటారు. అక్కడ రెండు యాంప్లిఫయర్లకూ పాట మొత్తం వెళ్తుంది. విభజన మాత్రం మునుపటిలాగే పెట్టెలోని కాయిళ్లు, కెపాసిటర్ల దగ్గర, అంటే యాంప్లిఫయర్ దాటిన తరువాత జరుగుతుంది. యాక్టివ్ పద్ధతిలో విభజన యాంప్లిఫయర్ కంటే ముందే, ఒకటి రెండు వోల్టుల చిన్న సిగ్నల్ మీదే జరిగిపోతుంది. ఆ తరువాత ఒక్కొక్క యాంప్లిఫయర్ ఒక్కొక్క డ్రైవర్‌కు, అంటే వూఫర్‌కో ట్వీటర్‌కో, నేరుగా కలుస్తుంది. కేసీ కాలువ నీటిని సుంకేసుల దగ్గరే లెక్కకట్టి వదలడానికీ, అంతా వదిలేసి ఎవరి పొలం గట్టున వాళ్లు అడ్డుకట్ట వేసుకోవడానికీ ఉన్న తేడా లాంటిదే ఇది.

లెక్కలో చూడండి. ఒక క్షణంలో మృదంగం తొప్పి మీది దెబ్బకు 20 వోల్టుల శిఖరం కావాలనుకుందాం. అదే క్షణంలో తాళాల మోతకు మరో 20 వోల్టులు కావాలి. ఒకే యాంప్లిఫయర్ రెండింటినీ మోయాలంటే శిఖరం 40 వోల్టులకు చేరుతుంది, 8 ఓమ్‌ల మీద అది 100 వాట్ల యాంప్లిఫయర్ పని. విభజన ముందే జరిగితే ఒక్కోదానికి 20 వోల్టులు, అంటే 25 వాట్లు చాలు. రెండు పాతికలు కలిస్తే యాభైయే అయినా, వోల్టేజీ శిఖరాల విషయంలో అవి వంద వాట్ల యాంప్లిఫయర్‌తో సమానంగా నిలుస్తాయి. బాస్ యాంప్లిఫయర్ ఎప్పుడైనా క్లిప్ అయినా, అంటే వోల్టేజీ చాలక శిఖరాలు తెగిపోయినా, ఆ క్లిప్పింగ్‌లో పుట్టే కరకర ట్వీటర్ దాకా చేరదు. చెవికి అందే మేలులో పెద్ద భాగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

గండికోటలోయ, కడప | సోమవారం, ఉదయం 6.10

పెన్నేటిగాలి గారి లెక్క సరైనదే, కాలువ పోలికే కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. పాసివ్ బై-యాంపింగ్‌లో ట్వీటర్ వైపు యాంప్లిఫయర్ బాస్ కరెంటును ఇవ్వదు, కానీ బాస్ వోల్టేజీని మాత్రం ఊపుతూనే ఉంటుంది. నీళ్లు పారకపోయినా మట్టం పెరుగుతుందన్నమాట. గట్టు తెగేది మట్టంతోనే. హంద్రీఒడ్డు గారికి తేడా వినిపించకపోవడానికి కారణం అదే. ట్వీటర్ గట్టిగా మోగడానికి కారణం వేరే ఉంటుంది. రెండు యాంప్లిఫయర్ల గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదు, ఒకటి కాకపోయి ఉండాలి. సాధారణంగా ఒకటి 26 డెసిబెళ్లు, మరొకటి 29 డెసిబెళ్లు ఉంటాయి. 100 హెర్ట్జ్ స్వరం వినిపిస్తూ మల్టీమీటర్‌తో రెండింటి ఏసీ వోల్టేజీ చూసి చెప్పండి. వెయ్యి హెర్ట్జ్ దగ్గర కొలవవద్దు, చవక మీటర్లు అక్కడ సరిగా చూపవు.

ఇక అసలు మాట. నేను నలభై ఏళ్లుగా రేడియోలు, యాంప్లిఫయర్లు బాగు చేస్తున్నవాణ్ణి. లోపలి క్రాసోవర్‌ను పీకి అవతల పారేయడానికి తొందరపడవద్దని నా మనవి. అది విభజన ఒక్కటే చేయడం లేదు. ట్వీటర్ సహజంగా వూఫర్ కంటే గట్టిగా మోగుతుంది కాబట్టి దాన్ని రెసిస్టర్లతో అణచి ఉంటారు. పెట్టె ముందు పలక వెడల్పును బట్టి కొన్ని వందల హెర్ట్జ్‌ల దిగువన శబ్దం వెనక్కి కూడా పరచుకుని ముందువైపు తగ్గుతుంది, దాన్ని పూడ్చడానికి వూఫర్ కాయిల్ విలువను పెంచి ఉంటారు. వూఫర్ శబ్దం మొదలయ్యే చోటు ట్వీటర్ కంటే వెనకగా ఉంటుంది, అందుకోసం రెండు వైపులా వాలులను, అంటే శబ్దం ఎంత త్వరగా తగ్గాలన్నదాన్ని, వేర్వేరుగా మలచి ఉంటారు. ఇన్ని పనులు చేసే క్రాసోవర్ పలకను తీసేసి, దాని స్థానంలో 2,000 హెర్ట్జ్ అని మీట తిప్పే పెట్టెను పెడితే విభజన అయితే జరుగుతుంది. మిగిలిన పనులు ఎవరు చేస్తారు?

నా అనుభవం కూడా చెబుతాను, నవ్వుకోండి. ఏడీఏయూ1701 చిప్ ఉన్న చిన్న డీఎస్పీ బోర్డుతో (సిగ్నల్‌ను అంకెలుగా మార్చి మలిచేది) మా అబ్బాయి స్పీకర్లకు యాక్టివ్ క్రాసోవర్ చేశాను. కంప్యూటర్ నుంచి ప్రోగ్రామ్ పంపాను, అద్భుతంగా మోగింది. దాన్ని బోర్డు మీది ఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో, రాయడం మరిచిపోయాను. సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, ఇన్వర్టర్ మారినప్పుడు అన్నీ ఒక్కసారే లేచాయి. బోర్డు మెదడు ఖాళీ, దాని నుంచి యాంప్లిఫయర్‌లోకి ఏదో పెద్ద దెబ్బ వెళ్లింది, ట్వీటర్ కాయిల్ కాలిపోయింది. తప్పు బోర్డుది కాదు, నాదే. అప్పటినుంచి యాక్టివ్ పద్ధతిలో కూడా ట్వీటర్‌కు వరుసలో ఒక కెపాసిటర్ పెట్టకుండా నేను కరెంటు ఇవ్వను. 8 ఓమ్‌లకు 33 మైక్రోఫారడ్‌లు పెడితే దాదాపు 600 హెర్ట్జ్‌ల దిగువన అడ్డుకుంటుంది, డీసీని పూర్తిగా ఆపుతుంది. యాంప్లిఫయర్ తరువాత యూపీసీ1237 ఐసీ ఉన్న ప్రొటెక్షన్ బోర్డు కూడా పెట్టుకోండి. కరెంటు వచ్చిన కొన్ని క్షణాల తరువాతే దాని రిలే స్పీకర్‌ను కలుపుతుంది.

హంద్రీఒడ్డు, కర్నూలు | సోమవారం, రాత్రి 8.35

గండికోటలోయ గారికి ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే కొలిచాను. వాల్యూమ్ మీటలు రెండూ చివరిదాకా తిప్పి, ఫోన్ నుంచి ఒకే స్థాయిలో స్వరం ఇస్తే, మా పాత యాంప్లిఫయర్‌లో 2 వోల్టులు, బావగారి దానిలో 2.83 వోల్టులు వచ్చాయి. అంటే సరిగ్గా 3 డెసిబెళ్లు. దుకాణంలో చెప్పిన తెర ఇదే అయి ఉంటుంది.

ఒక పెట్టె వూఫర్ విప్పి లోపల కూడా చూశాను. పలక మీద మూడు కాయిళ్లు, నాలుగు కెపాసిటర్లు, ఐదు సిమెంటు రెసిస్టర్లు ఉన్నాయి. విభజనకు ఇన్ని ఎందుకని నిన్నటిదాకా అనుకునేవాణ్ణేమో కానీ ఈరోజు అనుకోవడం లేదు. పెట్టె ముందు పలక వెడల్పు 21 సెంటీమీటర్లు.

బురుజునీడ, కర్నూలు | మంగళవారం, ఉదయం 11.05

115ను మీటర్లలోని వెడల్పుతో భాగిస్తే గండికోటలోయ గారు చెప్పిన ఆ తగ్గుదల ఎక్కడ ఉంటుందో సుమారుగా తెలుస్తుంది. 0.21తో భాగిస్తే దాదాపు 550 హెర్ట్జ్. పాటలో గొంతు బరువంతా ఉండే చోటు అదే. దాన్ని పూడ్చకపోతే గొంతు పలచబడుతుంది.

నేను అనలాగ్ పక్షం వాణ్ణి కాబట్టి ఆ వైపు మాట కూడా ఇక్కడ నమోదు కావాలి. హ్యూలెట్-ప్యాకార్డ్‌లో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, రస్ రైలీ కలిసి రూపొందించిన క్రాసోవర్‌ను లింక్విట్జ్ 1976లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. నేడు ఆక్టేవ్‌కు (హెర్ట్జ్‌లు రెట్టింపయ్యే ప్రతిసారీ) 24 డెసిబెళ్ల వాలు అని అందరూ వాడేది అదే. రెండు వైపులా క్రాసోవర్ బిందువు దగ్గర 6 డెసిబెళ్లు తగ్గి, రెండూ ఒకే ఫేజ్‌లో, అంటే అలలు ఒకేసారి లేచి పడుతూ, కలిసి సమతలంగా నిలుస్తాయి. డ్రైవర్లు ఒకదానిపై ఒకటి వేర్వేరు చోట్ల ఉన్నప్పుడు శబ్దపు కిరణం కిందికో పైకో వంగకుండా వినేవారి వైపు సూటిగా రావాలన్నదే వారి ఆలోచన.

ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. 5.6 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, 10 నానోఫారడ్‌ల కెపాసిటర్లు ఒక్కొక్క సంచి తెచ్చుకుంటే చాలు. కింది స్వరాలను పోనిచ్చే లో-పాస్ దశలో రెండు సమాన రెసిస్టర్లు పెట్టి, ఫీడ్‌బ్యాక్‌లో రెండు 10 నానోఫారడ్‌లను సమాంతరంగా, భూమి (గ్రౌండ్) వైపు ఒకటి పెట్టాలి. పై స్వరాలను పోనిచ్చే హై-పాస్‌లో రెండు సమాన కెపాసిటర్లు పెట్టి, ఫీడ్‌బ్యాక్‌లో ఒక రెసిస్టర్, భూమి వైపు రెండు వరుసగా పెట్టాలి. ఇలాంటి దశలు రెండేసి వరుసగా కలిపితే 2,010 హెర్ట్జ్‌ల దగ్గర లింక్విట్జ్-రైలీ క్రాసోవర్ తయారవుతుంది. ఎన్‌ఈ5532 ఐసీలు, 7815, 7915 రెగ్యులేటర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. అనంతపురం వారికైతే బెంగళూరు ఎస్‌పీ రోడ్డు దగ్గర. ఇందులో మరిచిపోవడానికి ఈప్రామ్ ఉండదు, కరెంటు ఎన్నిసార్లు పోయివచ్చినా అదే విలువ.

పత్తిమిల్లు, ఆదోని | మంగళవారం, మధ్యాహ్నం 2.30

అందరూ అసలు లాభాన్ని వదిలేశారు. యాక్టివ్‌లో వూఫర్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య కాయిల్ ఉండదు కాబట్టి డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (వూఫర్ కదలికను యాంప్లిఫయర్ పట్టి ఆపే శక్తి) 200 దాకా నేరుగా వూఫర్‌కు అందుతుంది. బాస్ బిగుతుగా మారేది అందువల్లనే. నా స్పీకర్లలో నేను విన్నాను. పైగా వెండి పూత ఉన్న స్పీకర్ వైరు వేస్తే ఇంకా

గండికోటలోయ, కడప | మంగళవారం, సాయంత్రం 5.50

పత్తిమిల్లు గారూ, మీరు విన్నది నేను కాదనను, కారణం గురించి మాత్రం లెక్క వేద్దాం. వూఫర్ వాయిస్ కాయిల్‌కే 6 ఓమ్‌ల నిరోధం ఉంది. క్రాసోవర్ కాయిల్ మరో 0.4 ఓమ్ కలిపితే, వూఫర్‌ను పట్టి ఆపే శక్తిలో తేడా 7 శాతం లోపే. అదే వాయిస్ కాయిల్ పాట మధ్యలో 60 డిగ్రీలు వేడెక్కితే రాగి నిరోధం 6 నుంచి 7.4 ఓమ్‌లకు పెరుగుతుంది. 200 అనే ఫ్యాక్టర్ ఉన్నా లేకపోయినా ఆ 1.4 ఓమ్‌ల ముందు మన 0.4 ఎంత? యాక్టివ్ వల్ల ఇక్కడ ఉన్న నిజమైన మేలు వేరొకటి. పాసివ్‌లో వాయిస్ కాయిల్ వేడెక్కితే క్రాసోవర్ చూసే భారం మారి విభజన బిందువు కూడా జరుగుతుంది. యాక్టివ్‌లో శబ్దం కొంచెం తగ్గవచ్చు కానీ ఫిల్టర్ కదలదు. మీ బాస్ బిగుసుకోవడానికి కారణం 550 హెర్ట్జ్‌ల పూడిక పోయి కింది శబ్దం పలచబడడమే అయి ఉంటుందని నా అనుమానం. ఒకసారి కొలిచి చూడండి.

నిర్వాహకుడు | మంగళవారం, సాయంత్రం 6.15

స్పీకర్ వైర్ల గురించిన భాగాన్ని ఈ చర్చ నుంచి తొలగించాము. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ ఇప్పటికే చాలినంత వేడి ఉంది.

పెన్నేటిగాలి, అనంతపురం | మంగళవారం, రాత్రి 11.20

బురుజునీడ గారి సర్క్యూట్ చక్కనిదే, నేనూ అలాంటివి రెండు చేశాను. కానీ హంద్రీఒడ్డు గారి విషయంలో డీఎస్పీయే మేలని అనుకుంటున్నాను. ఫిల్టర్ విద్యుత్తులో 24 డెసిబెళ్ల వాలు ఇవ్వడం ఒకటి, గాలిలో ఆ వాలు రావడం వేరొకటి. డ్రైవర్‌కు తనదైన వాలు ఉంటుంది, అది ఫిల్టర్ వాలుతో కలుస్తుంది. లింక్విట్జ్-రైలీ అన్న పేరుకు అర్హత ఉన్నది గాలిలో కలిసిన మొత్తానికే. దానికి తగ్గట్టు దిద్దాలంటే, పలక వెడల్పు పూడిక కలపాలంటే, ట్వీటర్‌ను కొన్ని మైక్రోసెకన్లు ఆలస్యం చేయాలంటే అనలాగ్‌లో ప్రతిసారీ సాల్డరింగ్ ఇనుము పట్టుకోవాలి. మినీడీఎస్పీ 2×4 హెచ్‌డీ లాంటి దానిలో నాలుగు అమరికలను దాచుకుని మార్చి మార్చి వినవచ్చు. అది 96 కిలోహెర్ట్జ్‌ల మీద పనిచేస్తుంది, ఒక శాంపిల్ అంటే 10.4 మైక్రోసెకన్లు, గాలిలో మూడున్నర మిల్లీమీటర్లు.

నా సలహా ఏమిటంటే కొత్త క్రాసోవర్‌తో మొదలుపెట్టవద్దు. ముందు పాతదాన్నే నకలు తీయండి. స్పీకర్‌ను ఉన్నదున్నట్టు మోగిస్తూ, లోపల ట్వీటర్ టెర్మినళ్ల మీద వచ్చే వోల్టేజీని 10 కిలో ఓమ్‌లు, 1 కిలో ఓమ్ రెసిస్టర్లతో తగ్గించి సౌండ్ కార్డులోకి తీసుకుని, శబ్దాన్ని కొలిచే ఆర్ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్‌లో స్వీప్ చేయండి, అంటే కింది స్వరం నుంచి పై స్వరం దాకా వరుసగా పలికించి కొలవండి. వూఫర్‌కూ అలాగే. శబ్దం చిన్నగా, ఒక వోల్టు దగ్గర ఉంచండి. ఒక హెచ్చరిక: టీపీఏ3116 లాంటి క్లాస్-డీ బోర్డులలో స్పీకర్ రెండు తీగలూ సజీవంగా ఉంటాయి, మైనస్ తీగ భూమి కాదు. దాన్ని సౌండ్ కార్డు భూమికి కలిపితే బోర్డు పోతుంది. మామూలు యాంప్లిఫయర్‌తోనే ఈ పని చేయండి.

అలా వచ్చిన రెండు వక్రరేఖలను డీఎస్పీలో అచ్చుగుద్దినట్టు తయారు చేస్తే, మీ స్పీకర్ రూపకర్త పడిన శ్రమంతా మీ దగ్గరే ఉంటుంది. దాన్ని మొదటి అమరికగా దాచి, ఆ తరువాతే మైకు పెట్టి రెండో అమరికను సొంతంగా ప్రయత్నించండి. వాల్యూమ్ మాత్రం క్రాసోవర్‌కు ముందే ఉండాలి. యాంప్లిఫయర్ల మీది మీటలను ఒకచోట ఉంచి టేపు అంటించండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు బాస్ మీటను ఒక్కదాన్నే తిప్పుతారు.

మైకుతో కొలవడానికి గది పనికిరాదు. మన ఇళ్లలో కింద కడప బండలో బేతంచెర్ల బండలో, చుట్టూ సున్నపు గోడలు, శబ్దం అద్దం మీద పడ్డట్టు తిరిగి వస్తుంది. మిద్దె మీదికి వెళ్లండి. పిట్టగోడకు దూరంగా, స్పీకర్‌ను మీటరున్నర ఎత్తున పెట్టి, మైకును అదే ఎత్తులో మీటరు దూరాన పెడితే, నేలను తాకి వచ్చే శబ్దం నేరుగా వచ్చేదాని కంటే 6.3 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. అంతవరకే కాలపు కిటికీ తెరిచి, ఆ తరువాత వచ్చేదాన్ని వదిలేసి లెక్కిస్తే 160 హెర్ట్జ్‌ల పైన వచ్చే వక్రరేఖను నమ్మవచ్చు. మీకు కావలసిన క్రాసోవర్ ప్రాంతానికి అది చాలు. గాలి మాత్రం లేకుండా చూసుకోండి. ఆ విషయంలో మా జిల్లా వాళ్ల మాట నమ్మవచ్చు, గాలిమరలు పెట్టింది ఊరికే కాదు.

హంద్రీఒడ్డు, కర్నూలు | నాలుగు వారాల తరువాత, ఆదివారం, సాయంత్రం 4.40

ఆలస్యానికి మన్నించండి. డీఎస్పీ, యూమిక్-1 మైకు రావడానికి రెండు వారాలు పట్టింది. తరువాత ఆషాఢమాసపు గాలి వారం రోజులు మిద్దె మీద నిలబడనివ్వలేదు. చివరికి ఒక రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి కొలిచాను. ఆ వేళ స్వీప్ శబ్దం విని పక్కింటివారు ఏమైందోనని మేడమీదికి వచ్చారు, వారికి నచ్చజెప్పడానికి మరో అరగంట.

పాత క్రాసోవర్ నకలులో తెలిసినవి ఇవి. ట్వీటర్‌ను నాలుగున్నర డెసిబెళ్లు అణచారు. వూఫర్‌లో 300 నుంచి 1,000 హెర్ట్జ్‌ల మధ్య నాలుగు డెసిబెళ్ల మెల్లని వాలు ఉంది, బురుజునీడ గారు చెప్పిన 550 సరిగ్గా దాని నడుమ పడింది. గాలిలో విభజన 2.4 కిలోహెర్ట్జ్‌ల దగ్గర. వూఫర్ వాలు ట్వీటర్ వాలు కంటే మెత్తగా ఉంది. దీన్నంతా డీఎస్పీలో దింపి, ట్వీటర్‌కు 33 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ వరుసలో పెట్టి, లోపలి పలకను తీసి గుడ్డలో చుట్టి బీరువాలో దాచాను. పారేయలేదు. ఒక స్పీకర్ నకలుతో, మరొకటి పాత పలకతో ఉంచి, రెండింటి స్థాయి సమానం చేసి ఒకే ఛానల్ విన్నాను. మామూలు శబ్దంలో తేడా చెప్పలేకపోయాను. గట్టిగా పెట్టినప్పుడు మాత్రం, మా ఊరి చెక్కభజనను నేనే రికార్డు చేసిన దానిలో, డప్పు పడిన క్షణంలో చెక్కల చప్పుడు నలగకుండా విడిగా నిలిచింది. ఇది పెన్నేటిగాలి గారి 40 వోల్టుల లెక్క అని అర్థమైంది.

రెండో అమరికలో గాలిలో 2.4 కిలోహెర్ట్జ్‌ల దగ్గర లింక్విట్జ్-రైలీ వాలులు వచ్చేలా దిద్ది, ట్వీటర్‌ను 7 శాంపిళ్లు ఆలస్యం చేశాను. ఇది నాకు మొదటిదానికంటే నచ్చింది, గొంతు ఒకే బిందువు నుంచి వస్తున్నట్టుంది.

ఇబ్బంది ఒకటే. రాత్రి నిశ్శబ్దంలో ట్వీటర్ల నుంచి సన్నని బుస్సుమనే శబ్దం కూర్చున్న చోటికి కూడా వినిపిస్తోంది. ఇది మునుపు లేదు.

బురుజునీడ, కర్నూలు | ఆదివారం, రాత్రి 7.10

మునుపు ఆ బుస్సును కూడా నాలుగున్నర డెసిబెళ్లు అణచిపెట్టిన రెసిస్టర్లు ఇప్పుడు బీరువాలో గుడ్డ చుట్టుకుని నిద్రపోతున్నాయి. ముందు అది ఎక్కడి నుంచి వస్తోందో తేల్చండి. ట్వీటర్ యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌ను షార్ట్ చేసి చెవి పెట్టండి. అప్పుడూ వినిపిస్తే అది యాంప్లిఫయర్ సొంత శబ్దం, దాని తరువాతే ట్వీటర్ ముందు రెసిస్టర్లు పెట్టాలి. పోతే అది డీఎస్పీది. యాంప్లిఫయర్ ఇన్‌పుట్ దగ్గర 2.2 కిలో ఓమ్‌లు వరుసలో, 1 కిలో ఓమ్ భూమికి పెట్టండి, పది డెసిబెళ్లు తగ్గుతుంది. తగ్గిన స్థాయిని డీఎస్పీలో ట్వీటర్ స్థాయి పెంచి పూడ్చుకోండి. 29 డెసిబెళ్ల గెయిన్ ఉన్న యాంప్లిఫయర్‌ను ట్వీటర్‌కు పెట్టారు కదా, దాన్ని వూఫర్‌కు మార్చి 26 ఉన్నదాన్ని ట్వీటర్‌కు పెట్టినా మూడు డెసిబెళ్లు ఉచితంగా వస్తాయి.

గండికోటలోయ, కడప | సోమవారం, ఉదయం 6.25

పలకను దాచి పెట్టినందుకు సంతోషం. ఆ 7 శాంపిళ్ల గురించి ఒక ప్రశ్న. మీటరు దూరంలో మైకును ఏ ఎత్తున పెట్టారు? ట్వీటర్ ఎత్తున పెట్టి ఉంటే ఒక చిక్కుంది. వూఫర్ కేంద్రం ట్వీటర్ కంటే ఎంత కిందుంది? 17 సెంటీమీటర్లు అనుకుంటే, మీటరు దూరంలోని మైకుకు వూఫర్ శబ్దం ఆ వాలు దారి వల్లే 14 మిల్లీమీటర్లు ఎక్కువ నడిచి వస్తుంది. మీరు కూర్చునేది రెండున్నర మీటర్ల దూరంలో అయితే ఆ ఎక్కువ 6 మిల్లీమీటర్ల లోపే. మిగిలిన 8 మిల్లీమీటర్లకు పైగా మీరు మైకు కోసం సరిచేశారు కానీ మీ చెవి కోసం కాదు. ఎండాకాలంలో గాలిలో శబ్ద వేగం పెరిగితే ఆలస్యం మారదా అని ఒకరు నన్ను ఫోన్లో అడిగారు, 40 డిగ్రీల దగ్గర కూడా ఆ మార్పు దీని ముందు లెక్కలోకి రాదు.

ట్వీటర్ తీగలను తారుమారు చేసి, కూర్చునే చోట మైకు పెట్టి మళ్లీ చూడండి. రెండూ సరిగ్గా ఒకే సమయంలో వస్తుంటే వక్రరేఖలో క్రాసోవర్ బిందువు దగ్గర లోతైన గుంట పడాలి. ఏ ఆలస్యం దగ్గర గుంట ఎక్కువ లోతుగా ఉంటే ఆ ఆలస్యమే మీది.

హంద్రీఒడ్డు, కర్నూలు | బుధవారం, రాత్రి 10.05

ట్వీటర్ ఎత్తునే పెట్టాను. కేంద్రాల మధ్య దూరం కూడా సరిగ్గా 17 సెంటీమీటర్లే, మీకు ఎలా తెలిసిందో తెలియదు. కుర్చీ నుంచి స్పీకర్‌కు 2.6 మీటర్లు.

యాంప్లిఫయర్లను అటూ ఇటూ మార్చి, ట్వీటర్ వైపు 2.2 కిలో, 1 కిలో రెసిస్టర్లు పెట్టాను. ఇన్‌పుట్ షార్ట్ చేసి చూస్తే శబ్దం డీఎస్పీదే అని తేలింది. ఇప్పుడు ట్వీటర్‌కు చెవి ఆనిస్తే తప్ప వినిపించడం లేదు.

మిద్దె మీద మీటరు దూరంలో ట్వీటర్ తీగలు తారుమారు చేసినప్పుడు 7 శాంపిళ్ల దగ్గర 27 డెసిబెళ్ల గుంట, 5 దగ్గర 16 వచ్చాయి. గదిలో కుర్చీ దగ్గర, చెవి ఎత్తున మైకు పెట్టి, కింద బండల మీద జంపఖానా పరిచి, రెండు మిల్లీసెకన్ల కిటికీతో కొలిస్తే తిరగబడింది. 7 దగ్గర గుంట 14 మాత్రమే, 5 దగ్గర 22. నాలుగు దగ్గర కూడా దాదాపు అంతే. 5 శాంపిళ్లు, అంటే 52 మైక్రోసెకన్ల దగ్గర స్థిరపడ్డాను. ట్వీటర్ తీగలను మళ్లీ సరిచేసి, అమరికను రెండో స్థానంలో దాచి, మెయిన్ స్విచ్ ఆపి, అరగంట ఆగి మళ్లీ వేసి చూశాను. అమరిక ఉన్నచోటే ఉంది, రిలే నాలుగు క్షణాల తరువాత టక్కుమంది.